కెరటములు చూచిన తరువాత: భీమునిపట్నము

మా బంధువొకాయన కిందటి శీతకాలమున కుటుంబముతో విశాఖపట్నము వచ్చి, ఒక దినము భీమునిపట్నము పోయి వచ్చెను. "ఎట్లున్నది?" అని మేము అడిగితిమి. "ఏమున్నది, సముద్రము. ఇక్కడి సముద్రమే అక్కడిదియును. పిల్లలు గంటసేపు నీళ్ళలో ఆడిరి, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తినిరి, తిరిగి వచ్చితిమి" అని ఆయన చెప్పెను. ఆయన మాటలో అబద్ధమేమియు లేదు. అయినను మాకది కొంత కష్టముగా తోచినది. రెండువేల యేండ్ల చరిత్ర గల ఊరికి పోయి, మొక్కజొన్న పొత్తు తిని వచ్చినవారు ఆయన యొక్కరే కారు. సెలవు దినమున అక్కడికి పోవు వందలాది జనులలో నూటికి తొంబదిమంది చేయు పని అదియే.

సముద్రమును చూడవలదని మా అభిప్రాయము కాదు. కెరటములను చూచి ఆనందింపనివాడెవడు? కాని భీమునిపట్నములో చూడదగిన తక్కిన వస్తువులన్నియు సముద్రము మూలముననే ఏర్పడినవి. సముద్రమునకు ఎదురుగా నిలుచున్నవానికి మాత్రము అవి కనబడవు. కాసేపు వెనుకకు తిరిగి చూడవలెను. అట్లు తిరిగి చూచినచో ఏమేమి కనబడునో ఈ ప్రసంగమున విన్నవింపదలచినాము.

విశాఖపట్నమునుండి తీరము వెంబడి ఈశాన్యముగా పోవు బాటపై, సుమారు 25 కిలోమీటర్ల దూరమున, గోస్తనీనది సముద్రములో కలియుచోట ఈ ఊరున్నది. జనులు ముద్దుగా భీమిలి అందురు. పాండవులలో భీమునికిని ఈ ఊరికిని ముడిపెట్టు కథలు స్థానికముగా కలవు. గోస్తని తూర్పుకనుమలలో అనంతగిరి ప్రాంతమున పుట్టి, బొర్రా గుహలగుండ పారి, మైదానమునకు దిగును. ఆ గుహలలో ఆవు పొదుగువలె వ్రేలాడు సున్నపురాతి రూపములనుబట్టియే నదికి ఆ పేరు వచ్చినదని చెప్పుకొందురు. నడుమ తాటిపూడి జలాశయమున ఆగి, విశాఖపట్నమునకు త్రాగునీరిచ్చి, మిగిలిన నీటితో భీమునిపట్నము చేరును. నది తెచ్చిన ఇసుకయు, కొండల రాయియు, రేవునకు వచ్చిన ఓడలును ఈ ఊరి రూపమును దిద్దినవి. కొండతో మొదలుపెట్టుదము.

ఎండ ముదురకముందే ఊరికి వెనుకనున్న పావురాలకొండ నెక్కవలెను. నరసింహస్వామి ఆలయముండుటచే దీనిని నరసింహకొండ అనియు పిలుతురు. పైకి పోగా రాతిలో తొలిచిన నీటితొట్లును, శిథిలమైన కట్టడముల పునాదులును కనబడును. ఇవి ప్రాచీన బౌద్ధారామపు గుర్తులు. అక్కడ నిలిచి చూచినచో క్రింద ఊరు, నది, సముద్రము ఒక పటమువలె పరచుకొని యుండును. ఊరి అమరిక తెలిసికొనుటకు ఇంతకంటె మంచి తావు లేదు.

ఇట్టి కొండలు ఈ తీరమున మరి రెండున్నవి. విశాఖపట్నమునుండి వచ్చు దారిలోనే తొట్లకొండయు, బావికొండయు తగులును. ఆ పేర్లు వినగానే సంగతి తెలియుచున్నది. ఒకదానికి తొట్లు, మరియొకదానికి బావులు! సుమారు క్రీ.పూ. 3వ శతాబ్దినుండి క్రీ.శ. 3వ శతాబ్ది వరకు ఈ కొండలపై భిక్షువులు నివసించిరి. కొండమీద ఏరు లేదు, చెరువు లేదు. సముద్రము కన్నులయెదుటనే యున్నను ఆ నీరు నోటికి పనికిరాదు. కావున వారు రాతిని తొలిచి తొట్లు చేసి, వానకాలపు నీటిని అందులో నిలువచేసికొని, ఎండకాలము గడపుకొనిరి. నేడు పట్టణములలో వాననీటిని ఒడిసిపట్టవలెనని మనకు బోధించుచున్నారు. ఆ పాఠము ఈ కొండలపై రెండువేల యేండ్లకు ముందే అమలు జరిగినది.

తొట్లకొండ చరిత్ర మరుగునపడి చాలకాలముండెను. 1970 దశకమున నౌకాదళము ఈ ప్రాంతమున సర్వే జరుపునప్పుడు శిథిలములు కంటబడినవి. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. స్తూపములు, చైత్యములు, భిక్షువుల గదుల వరుసలు, భోజనశాల బయటపడినవి. శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమను వెండి నాణెములును దొరకినవి. రోమను నాణెము ఈ కొండమీదికి ఎట్లు వచ్చినది? ఓడపై వచ్చినది. సముద్ర వ్యాపారము చేయు వర్తకులు భిక్షువులకు దానములిచ్చుచుండిరని విద్వాంసుల అభిప్రాయము. కొండపైనుండి చూచినచో వచ్చిపోవు ఓడలన్నియు కనబడును. ఓడలోనివారికి కొండపై స్తూపము కనబడియుండును. ప్రపంచమును విడిచినవారును, ప్రపంచమంతయు తిరుగువారును ఒకరికొకరు తోడైరి.

ఆ స్తూపమును గూర్చి ఒక విచారకరమైన మాట కూడ చెప్పవలెను. త్రవ్వకముల తరువాత తిరిగి పేర్చి నిలిపిన మహాస్తూపము 2019 అక్టోబరు వానలకు కొంతభాగము కూలినది. తరువాత దానిని మరల నిలబెట్టిరి. అచ్చటి రాళ్ళపై ఎక్కి కూర్చుండుట, గోడలపై పేర్లు చెక్కుట ఎంతటి తప్పిదమో ఈ యొక్క సంగతిచేత గ్రహింపవచ్చును.

ఇక ఊరిలోనికి దిగుదము. సముద్రమునకు చేరువనే డచ్చివారి శ్మశానమున్నది. పూర్వము మన పెద్దలు వీరిని వలందావారనెడివారు. 17వ శతాబ్దిలో డచ్చి ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడ వర్తకస్థానము నెలకొల్పిరి. మన నేత బట్టలకు తూర్పుదీవులలో గొప్ప గిరాకి యుండెను. ఇక్కడి బట్టలు అక్కడ అమ్మి, అక్కడి సుగంధద్రవ్యములు కొని, వానిని ఐరోపాలో అమ్మి లాభించుట వారి వ్యాపార పద్ధతి. ఈ రేవునుండి బియ్యమును కూడ ఎగుమతి చేసిరి.

ఆ వ్యాపారము నిశ్చింతగా సాగలేదు. 1754లో మరాఠాదండు ఈ ఊరిని దోచినది. ఐరోపాలో ఆంగ్లేయులకును డచ్చివారికిని యుద్ధము వచ్చినప్పుడెల్ల దాని సెగ ఇక్కడ తగిలెడిది. 1781లో ఆంగ్లేయులు ఊరిని పట్టుకొనిరి, సంధి కుదిరిన పిమ్మట తిరిగి యిచ్చిరి, 1795లో మరల పట్టుకొనిరి, మరల ఇచ్చిరి. తుదకు 1824 నాటి సంధి ననుసరించి 1825లో భీమునిపట్నము ఆంగ్లేయుల కంపెనీ వశమైనది. లండనులోను, హేగులోను కూర్చున్నవారు కాగితముపై సంతకము చేయగా, ఇక్కడ గోస్తని ఒడ్డున చేపలు పట్టుకొను జాలరికి ఏలిక మారినాడు. అతనిని అడిగినవారెవ్వరును లేరు.

శ్మశానములోని సమాధులు చూడదగినవి. కొన్నిటిపై కోసుదేలిన స్తంభములు నిలిచియున్నవి. కొన్ని ఫలకములపై అక్షరములు ఇంకను చదువవచ్చును. కొన్నిటిని ఉప్పుగాలి తినివేసినది. మేము పోయినప్పుడు ఒక ఫలకముపై తేదీని వ్రేళ్ళతో తడివి పోల్చుకొనుటకు కొంతసేపు ప్రయత్నించితిమి, సాధ్యము కాలేదు. నెలల తరబడి ఓడలో ప్రయాణము చేసి వచ్చి, ఇక్కడి జ్వరములకు, ఎండలకు తాళలేక చనిపోయిన యువకులెందరో, పురిటిలో పోయిన తల్లులెందరో! వారి వ్యాపారమున న్యాయమెంత, అన్యాయమెంత అను విచారము వేరు. పరదేశమున కన్నుమూసినవారి యెడల కొంత గౌరవము చూపుట మన మర్యాద. అక్కడ గట్టిగా నవ్వులాడుట, సమాధులపై కూర్చుండి ఫోటోలు తీసికొనుట తగని పని.

శ్మశానము దాటి ఊరి పాత వీథులలో నడచినచో గడియారస్తంభము, దీపస్తంభము, పాత చర్చి, ఎత్తైన అరుగుల ఇండ్లు, గోదాములు కనబడును. 1861లోనే ఇక్కడ పురపాలకసంఘ మేర్పడినది. దేశములోని మిక్కిలి పాత పురపాలకసంఘములలో ఇది యొకటి. 2013లో దీనిని మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనము చేసిరి. ఇంత చిన్న ఊరికి అంత త్వరగా పురపాలకసంఘ మెందులకు వచ్చినది? దానికి సమాధానము ఆ గోదాములలో నున్నది. 19వ శతాబ్ది నడుమ ఐరోపా వర్తక సంస్థలు ఇక్కడికి వచ్చి చేరినవి. పొగఓడలు రాకపోకలు సాగించినవి. నూనెగింజలు, తోళ్ళు, నార విదేశములకు పోయినవి.

ఈ నారను గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. తెలుగువారిలో గోంగూర పచ్చడి ఎరుగనివారుండరు. ఆ ఆకునిచ్చు గోగుజాతి మొక్కలలో నొకదాని కాండమునుండి నార తీయుదురు. కోసిన కట్టెలను మోపులుగా కట్టి నీటిలో ఊరవేయుదురు. కొన్ని దినములకు నీటిలోని సూక్ష్మజీవులు బెరడులోని జిగురును కరగించును. అప్పుడు నార సులువుగా ఊడివచ్చును. దానిని కడిగి ఆరవేసి గోనెలకు, త్రాళ్ళకు వాడుదురు. వంగదేశపు జనపనారకు ఇది చెల్లెలివంటిది. ఈ గోగునార ఈ రేవునుండి విదేశములకు పోయినందున, ప్రపంచపు అంగళ్ళలో దీనికి 'బిమ్లిపటం జూట్' అను పేరు స్థిరపడినది. ఊరికి పరదేశులు పెట్టుకొన్న పేరు బిమ్లిపటం. ఎన్నడును ఈ ఊరి మొగము చూడని వర్తకులు కూడ తమ లెక్కల పుస్తకములలో దీని పేరు వ్రాసికొనిరి. మన ఇంట పచ్చడి బండలో నూరబడు గోంగూరకు ఇంతటి చుట్టరికమున్నదని ఎందరెరుగుదురు? మేము మధ్యాహ్నము ఊరిలో ఒక చిన్న భోజనశాలకు పోగా, విస్తరిలో మొదట వడ్డించినది గోంగూర పచ్చడియే. ఆనాడు దాని రుచి మాకు మరికొంత హెచ్చుగా తోచినది.

గోస్తనికి ఎగువన, ఊరికి దగ్గరలోనే యున్న చిట్టివలసలో నారతో గోనెలు నేయు జూట్‌మిల్లు చాలకాలము పనిచేసి, 2009లో మూతపడినది. తండ్రి, కొడుకు, మనుమడు అదే మిల్లులో పనిచేసిన కుటుంబములు ఆ చుట్టుపట్ల నున్నవి.

ఇంతటి రేవు ఎట్లు చల్లబడినది? కారణములు మూడు. ఇక్కడ ఓడ ఒడ్డునకు రాలేదు. లోతునీటిలో లంగరు వేసి నిలుచుండగా, మసూలా పడవలలో సరకును చేరవేయవలెను. ఈ పడవల పలకలను మేకులతో గాక కొబ్బరిత్రాటితో కుట్టెడివారు. కెరటము కొట్టినప్పుడు పడవ పగులక వంగి తట్టుకొనెడిది. పనితనము గొప్పదే. కాని, పెద్ద సరకునకు ఆ పద్ధతి చాలదు. రెండవది, 1890 దశకమున వేసిన తూర్పుతీరపు రైలుమార్గము విజయనగరము, వాల్తేరులమీదుగా పోయినది, భీమునిపట్నమును తాకలేదు. మూడవది, 1933లో విశాఖపట్నపు లోతురేవు తెరవబడినది. అక్కడ ఓడ గట్టునకే వచ్చి ఆగును. రైలుపెట్టె ఓడప్రక్కకే వచ్చును. ఇక భీమునిపట్నపు పడవవానిని పిలుచువారెవరు? చూచుచుండగనే వర్తకులు వెడలిపోయిరి. గోదాములకు తాళములు పడినవి. నేడు మనము విహారమునకు పోవు నిర్మానుష్యమైన ఇసుకతీరము ఒకప్పుడు మూటలతో, కూలీల కేకలతో క్రిక్కిరిసిన పనిచోటు. ఆ సంగతి తెలిసి చూచినవానికి ఆ నిశ్శబ్దము వేరుగా వినబడును.

వర్తకులు పోయినను జాలరులు పోలేదు. తెల్లవారుజామున తీరమునకు పోయినచో వారి పని చూడవచ్చును. పడవలు ఒడ్డునకు వచ్చుట, వలలు దులుపుట, కవళ్ళు, కానాగంతలు, చందువలు, అదృష్టము బాగున్ననాడు వంజరములు గంపలకెక్కుట, ఆడువారు బేరమాడి పాటపెట్టుట గంటలో ముగియును. వారు మన వినోదమునకై అక్కడ లేరు. అది వారి బ్రతుకుతెరువు. కాబట్టి త్రాళ్ళను దాటక, వలలను త్రొక్కక, అడ్డము రాక చూడవలెను. మంచిగా పలుకరించినచో గాలి ఎటు వీచిన ఏ చేప పడునో వారే చెప్పుదురు.

ఎండ వాలిన తరువాత ఎర్రమట్టి దిబ్బలకు పోవలెను. ఇవి ఊరికి కొద్దికిలోమీటర్ల దూరమున, విశాఖపట్నపు బాట ప్రక్కనే యున్నవి. సాయంకాలపు ఏటవాలు వెలుగులో వాని ఎరుపు మండుచున్నట్లుండును. ఇవి మట్టి దిబ్బలని పేరేగాని, నిజమునకు ఇసుక దిబ్బలు. సముద్రతీరపు ఇసుక తెల్లగానో పచ్చగానో ఉండవలెను గదా, ఇంత ఎరుపెట్లు వచ్చినది?

శాస్త్రజ్ఞులు చెప్పునది ఇది. ఈ ప్రాంతపు కొండలు ఎక్కువగా ఖొండలైటు అను రాతితో ఏర్పడినవి. తూర్పుకనుమలలోని కోండు జనుల పేరే ఆ రాతికి పెట్టిరి. భిక్షువులు తొట్లు తొలిచినదియు ఇట్టి రాతిలోనే. అందులో ఇనుము కలిసిన ఖనిజములు హెచ్చు. ఆ రాయి అరిగి, వాగుల వెంట కొట్టుకొనివచ్చి, తీరమున ఇసుకగా పేరుకొనినది. కడపటి మంచుయుగమున, అనగా ఇప్పటికి సుమారు 20 వేల యేండ్ల క్రిందట, నీరు మంచుగడ్డలలో చిక్కుకొనుటచే సముద్రమట్టము నేటికంటె సుమారు 120 మీటర్లు తగ్గియుండెను. సముద్రము వెనుకకు తొలగగా విశాలమైన ఇసుకనేల బయటపడినది. గాలి ఆ ఇసుకను లోపలికి తోలి దిబ్బలుగా పోసినది. తరువాత వేల యేండ్లు వానలు కురియగా, ఖనిజములలోని ఇనుము కరగి, గాలితో కలిసి, త్రుప్పువలె ప్రతి ఇసుకరేణువునకు పలుచని ఎర్రపూత పట్టినది. మన ఇంట పాత ఇనుపచట్టిపై వచ్చు ఎరుపును, ఈ దిబ్బల ఎరుపును దగ్గరి బంధువులు.

ఆ ఎర్రపూతయు, కొద్దిపాటి బంకమన్నును మాత్రమే ఇసుకను పట్టి నిలుపుచున్నవి. అందుచేత వాననీరు సులువుగా కోసివేయును. ఒక చిన్న పాయ కాలక్రమమున నిలువెత్తు గోడలు గల లోయయగును. అట్టి లోయలలో నడచుచుండగా ప్రక్కగోడలలో ఎరుపు, ఇటుకవన్నె, పసుపు పొరలు ఒకదానిపై నొకటి కనబడును. దక్షిణాసియాలో ఇట్టి ఎర్ర ఇసుక దిబ్బలు తమిళనాడులోని తేరి నేలలలోను, సింహళమునను మాత్రమే చెప్పుకోదగినంతగా ఉన్నవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు 2014లో మన దిబ్బలను భూవైజ్ఞానిక వారసత్వస్థలముగా గుర్తించిరి. 2025లో ఇవి యునెస్కోవారి ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాలోనికి ఎక్కినవి.

గౌరవము వచ్చినది, కాని దిబ్బలు తరుగుచున్నవి. చుట్టుప్రక్కల ఇండ్లు, రోడ్లు పెరిగినవి. 2024లో దిబ్బలకు చేరువ నేలను యంత్రములతో చదును చేయుటపై పెద్ద అలజడి రేగి, ఆ పనిని ఆపవలసి వచ్చినది. ఇసుక ఎక్కడికి పోవును, మరల గాలి తెచ్చి పోయదా అని కొందరందురు. పోయదు. దానిని పోసిన గాలియు, వెనుకకు తొలగిన సముద్రమును నేడు లేవు. ఒక స్తూపము కూలిన రాళ్ళను పేర్చి నిలుపవచ్చును. గోదాము పడిపోయిన మరల కట్టవచ్చును. ఎర్రదిబ్బను చేయు మేస్త్రి లేడు. మేము అక్కడనుండగా కొందరు బాలురు గోడమీదినుండి జారుడుబల్లవలె జారుచుండిరి. జారిన ప్రతిసారి గోడనుండి గంపెడు ఇసుక రాలినది. వారికి తెలియదు, చెప్పినవారు లేరు. మేము పిలిచి చెప్పగా ఒక పిల్లవాడు కొంతసేపు గోడవంక చూచి, "అయితే ఇది మళ్ళీ పెరగదా అండీ?" అని అడిగెను. పెరుగదని చెప్పితిమి. వాడు జారుట మానెను. తక్కినవారిని కూడ దింపెను.

శ్రోతలలో ఎవరైనను ఈ ఊరికి పోదలచినచో నవంబరునుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలము. అక్టోబరు, నవంబరులలో తుఫానుల వార్తలు కనుగొని బయలుదేరుట మేలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఈ తీరమునకు చేసిన నష్టము ఇంకను మరపునకు రాలేదు. ఉదయము జాలరుల రేవు, ఆ పిమ్మట పావురాలకొండ, తరువాత శ్మశానము, పాతవీథులు, మధ్యాహ్నము భోజనము, సాయంకాలము ఎర్రదిబ్బలు. ఒక దినమునకు ఇంత చాలును. తొట్లకొండకు, బావికొండకు మరియొక ఉదయము కేటాయింపవలెను. కొండలపై నీడ తక్కువ. త్రాగునీరు వెంట తీసికొనిపోవలెను.

మా బంధువు మరల వచ్చు శీతకాలమున వచ్చెదనని వ్రాసినాడు. ఈసారి మేము కూడ వెంట పోవుదుము. పిల్లలు కెరటములలో ఆడుకొందురుగాక, మొక్కజొన్న పొత్తులు కూడ తిందురుగాక. తరువాత వారిని వెనుకకు తిరిగి చూడుడని చెప్పుదుము. ఎర్రదిబ్బల వద్ద మాత్రము ముందుగనే ఒక మాట చెప్పి లోయలోనికి తీసికొనిపోవుదుము: ఇక్కడ చూచుటయే గాని, జారుట లేదు.